క్యాన్సర్‌ను పస్తు పెట్టిన సుబ్బారావు

భీమవరంలో పుట్టి న్యూయార్క్‌లో కన్నుమూసిన శాస్త్రవేత్త.. అన్నదమ్ములను మింగిన జబ్బు నుంచి క్యాన్సర్ మందు దాకా

లింగసుగూరు: తాలూకా ఆసుపత్రిలో గర్భిణులకు ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర అందరికీ తెలుసు. ఆనెకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర కూడా మన రాయచూరు జిల్లాకు కొత్త కాదు. ఫైలేరియా జిల్లాల జాబితాలో మనది ఉంది మరి. ఇక కీళ్లవాతం ముదిరినవాళ్లకు వారానికి ఒక్కసారే వేసుకోమని డాక్టర్లు రాసే మెథోట్రెక్సేట్ మాత్ర ఒకటుంది. ఈ మూడింటికీ పైకి ఏ సంబంధమూ కనిపించదు. కానీ మూడూ ఒకే ప్రయోగశాల చలవ. ఆ ప్రయోగశాలను నడిపించింది ఓ తెలుగాయన. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలి హైదరాబాదుకో బెంగళూరుకో పరుగులు పెట్టే పెద్దవాళ్లకు ఇప్పుడు కొన్నిచోట్ల పీఎస్‌ఎంఏ స్కాన్ రాస్తున్నారు. ఆ స్కాన్ పనిచేసే తీరు చూస్తే సుబ్బారావు చేసిన పనే గుర్తుకొస్తుంది. ఆ సంగతి చివర్లో చూద్దాం. ముందు మనిషి గురించి.

అరటిపండ్ల వ్యాపారం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అప్పటికి లింగసుగూరు నిజాం ఏలుబడిలో ఉంది. ఈ ఊరి పేరుతో ఏకంగా ఒక జిల్లాయే ఉండేది. భీమవరం మాత్రం ఇంగ్లీషు దొరల మద్రాసు ప్రెసిడెన్సీ కింద. తండ్రి జగన్నాథం రెవెన్యూ ఉద్యోగి. ఆరోగ్యం బాగాలేక ముందే కొలువు వదులుకున్నారు. ఇంట్లో ఏడుగురు పిల్లలు. తల్లి వెంకమ్మ గట్టి మనిషి.

పుట్టినప్పటి నుంచీ మేధావి అనుకుంటే పొరపాటే. చదువు మీద మనసు నిలిచేది కాదు. పదమూడేళ్లకే ఇంట్లోంచి పారిపోయి కాశీకి బయల్దేరాడు కుర్రాడు. అక్కడికొచ్చే యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. వెంకమ్మ మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు వెళ్లి హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కాడు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివేటప్పుడు మరో దారి కనిపించింది. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకోవాలని. తల్లి ససేమిరా అంది. ఆమె అనుమతి లేనిదే చేర్చుకోమని మిషన్ పెద్దలూ చెప్పారు. మిషన్ ఆసుపత్రుల్లో డాక్టరుగానైనా సేవ చేయవచ్చన్న ఆశతోనే మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు తలా కొంత వేసుకున్నారు. కస్తూరి సూర్యనారాయణ మూర్తి ఫీజుల భారం మోశారు. ఆయన కూతురు శేషగిరితోనే 1919లో పెళ్లయింది.

అవి గాంధీజీ పిలుపు ఊరూరా వినిపిస్తున్న రోజులు. ఆపరేషన్ థియేటర్‌లో వేసుకునే గౌను కూడా ఖద్దరుదే కుట్టించుకున్నారు సుబ్బారావు. తెల్లదొర సర్జరీ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ పట్టా చేతికి రాలేదు. దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ కాగితంతో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. చివరికి మద్రాసు ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణశాస్త్రం పాఠాలు చెప్పే పని దొరికింది.

ఇద్దరు అన్నదమ్ములు

ఈ కథలో మలుపు తిరిగింది చదువు దగ్గరో ఉద్యోగం దగ్గరో కాదు. ఇంట్లోనే. సుబ్బారావు అన్నదమ్ముల్లో ఇద్దరు కొద్దిరోజుల తేడాతో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. ఎడతెగని విరేచనాలు, నోటిపూత, తిన్నది ఒంటబట్టకపోవడం, రక్తం పాలిపోవడం.. మనిషి చిక్కి శల్యమవుతాడు. అప్పటి ఇంగ్లీషు వైద్యం దగ్గర దానికి మందు లేదు. తర్వాత సుబ్బారావుకే ఆ జబ్బు పట్టుకుంది. ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఎలాగో బయటపడ్డారు.

బతికారు సరే. అన్నదమ్ములు ఎందుకు చనిపోయారన్న ప్రశ్న మాత్రం వదల్లేదు. దానికి జవాబు దొరకడానికి పాతికేళ్లు పట్టింది. ఆ జవాబు దొరికింది కూడా సుబ్బారావు మనుషుల చేతికే.

రాత్రి ఆసుపత్రిలో కూలి

1922 అక్టోబరులో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్‌లో దిగారు. మామగారు కొంత సర్దారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల మీద డిప్లొమా చదువు. అక్కడి డాక్టర్ల లైసెన్సు లేదు కాబట్టి వైద్యం చేయడానికి వీల్లేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా కుదిరారు. పగలు చదువు, రాత్రి చాకిరీ.

శేషగిరి అప్పటికి గర్భిణి. కొడుకు పుట్టిన కబురు అమెరికాకు చేరింది. ఏడాది తిరక్కముందే ఆ పిల్లాడు చనిపోయిన కబురూ చేరింది. తండ్రి కొడుకు ముఖమే చూడలేదు. మూడేళ్లలో వస్తానని వెళ్లిన మనిషి మళ్లీ ఇండియాలో అడుగు పెట్టలేదు. ఆయన సైన్సు గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా ఈ లెక్క మాత్రం శేషగిరి ఖాతాలోనే మిగిలిపోయింది.

డిప్లొమా తర్వాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది బయోకెమిస్ట్రీ చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆ కొలతతోనే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. ఏటీపీ అంటే కణానికి చిల్లర డబ్బులాంటిది. నడవాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా అదే ఖర్చవుతుంది. ఇంచుమించు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. కాబట్టి ఆ ఘనత పంచుకోవాల్సిందే.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. సుబ్బారావు పని వెలుగులోకి రాకపోవడానికి ఫిస్కే ఈర్ష్య కూడా కారణమని అదే ల్యాబులో పనిచేసిన జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పారు. పేరు కోసం పోట్లాడే స్వభావం సుబ్బారావుకూ లేదు. ఆ మంచితనమే కొంత దెబ్బ తీసిందేమో.

ఆకలి మందు, పస్తు మందు

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌కు వెళ్లారు. అక్కడ లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన విభాగానికి పెద్ద అయ్యారు. వందల మంది శాస్త్రవేత్తలు ఆయన కింద పనిచేశారు. రామకృష్ణ మిషన్‌లో డాక్టరు కావాలనుకున్న మనిషికి చివరికి ఒక మందుల కంపెనీ దొరికింది.

అప్పటికే ఒక చిక్కుముడి నలుగుతోంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928 నుంచి బొంబాయిలో పేద గర్భిణుల రక్తహీనత మీద పనిచేశారు. ఈస్టు రసం తినిపిస్తే వాళ్లకు రక్తం పడుతోందని 1931లో రాశారు. ఈస్టులో ఏముందో తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సస్‌లో కొన్ని టన్నుల పాలకూర లాంటి ఆకుకూర నుంచి ఒక పదార్థాన్ని రవ్వంత వేరుచేసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. ఆకు నుంచి వచ్చింది కాబట్టి ఆ పేరు. టన్నుల కూరకు రవ్వంత మందు అంటే ఏ రోగికి సరిపోతుంది? దాన్ని కారఖానాలో తయారు చేసే దారి కనిపెట్టింది లెడర్లీ బృందం. 1945లో ఆ సంగతి లోకానికి చెప్పారు.

మరుసటేడాది కల్లా స్ప్రూ రోగులకు ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. నోటిపూత తగ్గింది, ఆకలి పుట్టింది, రక్తం పడింది. సుబ్బారావు అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు మందు వచ్చింది.

ఇంతకీ ఫోలిక్ యాసిడ్ ఏం చేస్తుంది? కణం రెండుగా చీలాలంటే ముందు డీఎన్‌ఏకు నకలు రాసుకోవాలి. ఆ డీఎన్‌ఏ ఇటుకలకు కావాల్సిన ముక్కలు మోసే కూలీ ఇదే. కూలీ రాకపోతే గోడ లేవదు. త్వరత్వరగా కణాలు పుట్టాల్సిన చోట్ల.. అంటే ఎముక మూలుగలో, పేగు లోపలి పొరలో ముందుగా దెబ్బ తగులుతుంది. రక్తహీనత, స్ప్రూ లక్షణాలు అందుకే.

మరి కణాలు అదుపు లేకుండా చీలిపోయే జబ్బు ఒకటుంది కదా. క్యాన్సర్. ఆ కణాలకూ ఇదే కూలీ కావాలి. కూలీని ఆపేస్తే?

ఆపడానికి లెడర్లీలో పట్టిన ఉపాయం తేలికగా చెప్పాలంటే దొంగ తాళంచెవి. అసలు చెవిలాగే ఉంటుంది, తాళంలో దూరుతుంది. కానీ తిరగదు, బయటికీ రాదు. ఇక అసలు చెవికి చోటుండదు. ఫోలిక్ యాసిడ్ అణువులో ఒక మూల చిన్న మార్పు చేసి దొంగ ఫోలిక్ యాసిడ్ తయారుచేశారు. దాన్ని పట్టుకున్న ఎంజైమ్ అక్కడే ఇరుక్కుపోతుంది. డోరిస్ సీగర్ అనే లెడర్లీ రసాయన శాస్త్రవేత్త 1947లో తయారుచేసిన అమైనోప్టెరిన్ అలాంటిదే. దాని తమ్ముడు అమెథోప్టెరిన్. మనం ఇప్పుడు మెథోట్రెక్సేట్ అంటున్నది దాన్నే. ఊహ మొత్తం సుబ్బారావు ఒక్కరిదే అనడం సరికాదు. సల్ఫా మందులు సూక్ష్మజీవులను ఇదే తరహాలో మోసగిస్తాయని 1940 నాటికే ఇంగ్లండులో తేల్చారు. దాన్ని క్యాన్సర్ మీదికి మళ్లించిన ప్రయోగశాలల్లో ముందు నిలిచింది మాత్రం పెర్ల్ రివర్.

చిన్నపిల్లల వార్డులో

బోస్టన్ చిల్డ్రన్స్ ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవారు. శవపరీక్షలు చేసే పాథాలజిస్టు. రక్తక్యాన్సర్‌తో వచ్చిన పిల్లలు వారాల్లోనే ఆయన బల్ల మీదికి చేరడం చూసి విసిగిపోయిన మనిషి. సుబ్బారావు బృందం పంపిన ఫోలిక్ యాసిడ్ తరహా మందులను ఫార్బర్ ముందుగా ప్రయోగించారు. లుకేమియా పిల్లల్లో జబ్బు తగ్గకపోగా ఇంకా ఎగదోసినట్టు కనిపించింది. అది విషాదమే. కానీ ఒక సంగతి బయటపడింది. ఈ జబ్బు తినేది ఫోలిక్ యాసిడ్‌నే.

తిండి పెడితే పెరిగేదాన్ని పస్తు పెట్టాలి. 1947 చివర్లో పెర్ల్ రివర్ నుంచి అమైనోప్టెరిన్ వచ్చింది. పదహారు మంది పిల్లలకు ఇస్తే పది మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. లేచి తిరిగారు. అన్నం తిన్నారు. కొన్ని నెలలకు జబ్బు మళ్లీ తిరగబెట్టిందన్నది కూడా నిజం. అయినా మందుతో లుకేమియాను వెనక్కి నెట్టవచ్చని లోకం చూసింది అప్పుడే. 1948 జూన్‌లో ఆ వ్యాసం అచ్చయింది. రాసినవాళ్ల పేర్లలో సుబ్బారావు లేరు.

మెథోట్రెక్సేట్ సత్తా ఇంకా తర్వాత తెలిసింది. గర్భసంచిలో మాయకు పట్టే ఒక క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిన ఆడవాళ్లకు మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఈ మందే ఇచ్చారు. 1956లో వాళ్లు ఫలితాలు ప్రకటించారు. గడ్డకట్టిన క్యాన్సర్ ఒట్టి మందుతో నయమవడం అదే మొదలు. పిల్లల లుకేమియా చికిత్సలో మెథోట్రెక్సేట్ నేటికీ ఉంది. కీళ్లవాతానికి ఇచ్చేది చాలా చిన్న మోతాదు. వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద ఏ వారం వేసుకోవాలో గుర్తుగా రాయించుకోవడం మంచిది.

పేరు ఎక్కడ?

ఆ రోజుల్లోనే లెడర్లీ నుంచి మరో రెండు మందులు వచ్చాయి. ఫైలేరియాకు హెట్రజాన్ 1947లో. మనకు ఇంటింటికీ వస్తున్న డీఈసీ అదే. రెండోది ఆరియోమైసిన్. డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను పిలిచి ఉద్యోగమిచ్చి, దేశదేశాల మట్టి వెతికిస్తే దొరికిన మందు. టెట్రాసైక్లిన్ జాతికి అది తొలి బిడ్డ. 1948లో దాన్ని వేదిక మీద డగ్గర్ బృందం ప్రకటించింది.

ఆ ఏడాదే ఆగస్టు 8 రాత్రి న్యూయార్క్‌లో నిద్రలోనే సుబ్బారావు గుండె ఆగిపోయింది. వయసు 53. స్వతంత్ర భారతానికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

ఆయనకు నోబెల్ ఇవ్వలేదన్న బాధ మనవాళ్లకు ఎక్కువ. దొంగ అణువులతో మందులు తయారుచేసే బాటలోనే పనిచేసిన జార్జ్ హిచింగ్స్‌కు, గెర్‌ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ వచ్చిన మాట వాస్తవం. అయితే చనిపోయినవాళ్లకు ఆ బహుమతి ఇవ్వరు. 53 ఏళ్లకే పోవడమే పెద్ద అడ్డు. 1995లో శతజయంతికి తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

ప్రొస్టేట్ దగ్గరికి

సుబ్బారావు పెర్ల్ రివర్‌కు వచ్చిన మరుసటేడాది, 1941లో, షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్ మరో క్యాన్సర్‌ను పస్తు పెట్టారు. మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి మగ హార్మోను మీద బతుకుతుంది. అక్కడ పుట్టి ఎముకలకు పాకిన క్యాన్సర్ కూడా దాని మీదే బతుకుతుందని హగ్గిన్స్ చూపించారు. వృషణాలు తీసేస్తే, లేదా ఆడ హార్మోను ఇస్తే ఎముకల నొప్పి తగ్గి మంచం పట్టినవాళ్లు లేచారు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఎముకలకు పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్‌కు హార్మోను తగ్గించడమే నేటికీ వైద్యానికి పునాది. ఆపరేషనో, నెలకో మూడు నెలలకో ఒక ఇంజెక్షనో. ఈ జబ్బు మీద మెథోట్రెక్సేట్ ప్రభావం పెద్దగా లేదు. ఒక క్యాన్సర్ తినే తిండి వేరు, ఇంకోటి తినే తిండి వేరు.

అయినా ఫోలిక్ యాసిడ్ ప్రొస్టేట్‌ను వదల్లేదు. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల పైపొర మీద పీఎస్‌ఎంఏ అనే ప్రొటీన్ గుంపుగా ఉంటుందని 1980ల నుంచే తెలుసు. అది చేసే పనేమిటో చాలాకాలం తెలియలేదు. 1996లో న్యూయార్క్ పరిశోధకులు తేల్చారు. అది ఫోలేట్‌ను కత్తిరించే ఎంజైమ్. తిండిలోని ఫోలేట్‌కు గ్లుటమేట్ అనే ముక్కలు తోకలా తగిలి ఉంటాయి. ఆ తోకను ఒక్కో ముక్కా కోసేస్తుంది. మన పేగులోనూ ఇదే ఎంజైమ్ ఉంది. తిన్న ఆకుకూరలోని ఫోలేట్ ఒంటికి పట్టేది ఈ కోత వల్లే.

ఇప్పటి పీఎస్‌ఎంఏ స్కాన్‌లో ఎక్కించే మందు చూడ్డానికి ఆ గ్లుటమేట్ తోకలాగే ఉంటుంది. ఎంజైమ్ దాన్ని తన తిండి అనుకుని పట్టుకుంటుంది. కోయలేదు, వదల్లేదు. మళ్లీ దొంగ తాళంచెవే. దానికి గాలియం కట్టి పంపితే ఒంట్లో ఏ మూల ఏ ఎముకలో క్యాన్సర్ దాక్కున్నా స్కాన్‌లో వెలుగుతుంది. గాలియం బదులు లుటీషియం కడితే అక్కడికే వెళ్లి కణాన్ని కాలుస్తుంది. మిగతా చికిత్సలకు లొంగని రోగులకు ఈ లుటీషియం మందును అమెరికాలో 2022లో ఆమోదించారు. హైదరాబాదు, బెంగళూరుల్లోనూ ఇస్తున్నారు. ఖర్చు మాత్రం సామాన్యుడికి అందేది కాదు. మన తాలూకా రైతు అయితే ఎకరం అమ్ముకోవాలా అని ఆలోచించే స్థాయిలోనే ఉంది.

మరి ఫోలిక్ యాసిడ్ మాత్రలు ప్రొస్టేట్ క్యాన్సర్ తెస్తాయా అన్న అనుమానమూ వచ్చింది. 2009లో అమెరికాలో 643 మంది మగవాళ్ల మీద వచ్చిన ఫలితాల్లో రోజూ ఆ మాత్ర వేసుకున్నవాళ్లకే ముప్పు ఎక్కువ కనిపించింది. పదేళ్లలో 9.7 శాతం, వేసుకోనివాళ్లలో 3.3 శాతం. అది చూసి చాలామంది హడలిపోయారు. 2013లో దాదాపు 50 వేల మంది పాల్గొన్న 13 ప్రయోగాలను కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. గర్భిణులు ఆ మాత్ర మానాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు. వాళ్లకూ, కడుపులోని బిడ్డకూ అది తప్పనిసరి. అరవై దాటిన మగవాళ్లు మాత్రం బలానికని సొంతంగా కొనుక్కోకుండా డాక్టరును అడిగితే సరి. ఆకుకూరలకు ఈ భయం అక్కర్లేదు.

1996లో న్యూయార్క్‌లో పీఎస్‌ఎంఏ గుట్టు పట్టడానికి వాడిన పదార్థాల్లో మూడు గ్లుటమేట్ల తోక ఉన్న మెథోట్రెక్సేట్ ఒకటి. 1947లో పెర్ల్ రివర్ నుంచి సుబ్బారావు మనుషులు ఫార్బర్‌కు పంపిన తొలి మందుల్లో టెరోప్టెరిన్ అని ఒకటుంది. దానికీ మూడు గ్లుటమేట్ల తోకే.